పసుపు గుడ్డ వేరు, మందు గుడ్డ వేరు

చేనేత సోదరులారా,

ఇటీవల మా సంఘమునకు ఒక వ్యాపారి వచ్చెను. గాజుగుడ్డను పసుపు, వేపాకు కషాయములో ముంచి ఆరవేసి యిచ్చినచో "మూలికల నానో కట్టు" అను చీటీ అంటించి అమ్ముకొందుననియు, మీటరుకు రెట్టింపు కూలి యిత్తుననియు చెప్పెను. మగ్గము ఖాళీగా నున్న సభ్యులు కొందరు ఒప్పుకొందమనిరి. పిల్లలుగల యింట రెట్టింపు కూలి చిన్న మాట కాదు. అయినను నేను వలదంటిని. కారణము చెప్పుట నా విధి.

నానో పోగు రాట్నమున వడికినది కాదు, మగ్గమున నేసినది కాదు. గంజివలె చిక్కనైన పాలిమరు ద్రవములో మొక్కల సారమును కలిపి, సూదిమొన నుండి వేల వోల్టుల విద్యుత్తుతో లాగుదురు. అది దారిలోనే ఆరి, పోగై, ఎదుటి రేకుపై పొరగా పేరుకొనును. ఆ పోగు తలవెండ్రుకకన్న నూరు రెట్లకు మించి సన్నము. అట్టి పొర గాలిని పోనిచ్చును, రసిని పీల్చును, మందును కొంచెము కొంచెముగా వదలును. వట్టి గాజుగుడ్డ పుండునకు అంటుకొని, విప్పునప్పుడు క్రొత్త చర్మమును చీల్చుట మనమెల్లరము ఎరిగినదే. ఆ బాధను తగ్గించుటకే యీ ప్రయత్నము. పసుపు, కలబంద, వేపలతో పలు దేశముల పరిశోధనలు జరుగుచున్నవి. పెక్కు ఇంకను ప్రయోగశాల దాటలేదు. మన చెన్నపట్టణమున అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థయు గాయపు కట్టులపై పనిచేసినది.

పసుపు గుణమును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. పసుపుతో గాయము మాన్పుటకు 1995లో అమెరికాలో పేటెంటు నిచ్చిరి. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథములను చూపి వాదింపగా 1997లో అది రద్దయ్యెను. ఆ జ్ఞానము మన పెద్దలదని ఋజువైనది. అంతేకాని, కషాయములో ముంచిన ప్రతి గుడ్డయు మందని ఋజువు కాలేదు.

అట్టి గుడ్డలో సారమెంతయో కొలత లేదు. క్రిములు లేవను హామీ లేదు. చక్కెర వ్యాధి గలవాని కాలిపుండుపై అది కట్టినచో ప్రాణముమీదికి రావచ్చును. గాయపు కట్టులు 2017 నాటి వైద్య పరికరముల నిబంధనల క్రిందికి వచ్చును. చీటీ వ్యాపారిది, గుడ్డ మనది. మోసము బయటపడిన నాడు మాట పడునది మగ్గమే.

మరి మనకు దారి యేది? చేనేత గాజుగుడ్డకు, కట్టుగుడ్డకు భారత ప్రమాణముల సంస్థ ప్రత్యేకముగా ప్రమాణములు నిర్ణయించినది. పడుగు పేకల లెక్క, బరువు, పీల్చు గుణము వానికి సరిపోవునట్లు నేయుదము. నానో పొర మిక్కిలి పలుచన. దానిని నూలుగుడ్డమీదనే పేర్చి చూచిన పరిశోధనలును కలవు. ఆ గుడ్డ మనదేల కారాదు? సంఘములు కలిసి, నమూనాలు పట్టుకొని పరిశోధనాలయముల తలుపు తట్టవలెను.

1734లో ఈ పట్టణమున చింతాద్రిపేటను నేతగాండ్ర కొరకు నెలకొల్పిరి. నాడు వారిని పిలిపించినది గుడ్డ కొరకు, చీటీ కొరకు కాదు. ఈ మాట సభ్యులు మరువరాదని మనవి.

— ఒక సహకార సంఘ కార్యదర్శి, చెన్నై