పట్టా చెప్పే సాక్ష్యం

బెంగాలీలో ‘తాల్’ అంటే తాడిచెట్టు. తాల్‌బగీచా అంటే తాడితోట. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో అదొక పేట. ఈ పట్టణంతో తెలుగువారి చుట్టరికం బెంగాల్ నాగపూర్ రైల్వే నాటిది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి పనికోసం తరలివచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేటికీ ఇక్కడ తెలుగు మాట్లాడుతున్నారు. ఇటువంటిచోట ఏ కుర్రవాడైనా బల్లమీద బొమ్మరైలు నడపాలని ముచ్చటపడితే వింతేమీ లేదు. రైలును పరుగెత్తించటం తేలిక. పాయింటుకూ సిగ్నలుకూ పొత్తు కుదర్చటంలోనే ఉంది చిక్కంతా.

బొమ్మరైలు పాయింటును కదపటానికి ఇప్పుడు ఎక్కువమంది వాడేది సర్వో మోటారు. అగ్గిపెట్టెలో ఇమిడేంత సాధనం. దానికి మూడు తీగెలు. రెండు విద్యుత్తుకు, మూడవది ఆజ్ఞకు. కంట్రోలరు సెకనుకు సుమారు 50 సార్లు ఆ మూడవ తీగె గుండా ఒక్కొక్క స్పందన పంపుతుంది. స్పందన సెకనులో వెయ్యోవంతు కాలం నిలిస్తే సర్వో చేయి ఒక కొసకు తిరుగుతుంది; దానికి రెట్టింపు కాలం నిలిస్తే రెండో కొసకు. చేయి ఎంతవరకు తిరిగిందో లోపలి పొటెన్షియోమీటరు చెబుతూ ఉంటుంది. అన్నచోటికి చేరేదాకా మోటారు ఊరుకోదు.

ఈ పట్టుదలే దాని మొదటి జబ్బుకు మూలం. పాయింటు పూర్తిగా మూసుకున్న తరువాత కూడా సర్వో జుమ్ముమని మూలుగుతూ ఉంటే, దానికి చెప్పిన గమ్యం పట్టాకు అవతల ఉన్నదన్నమాట. చేరలేని చోటికి చేరాలని అది పెనుగులాడుతోంది. కంట్రోలరులో ఆ కొసను కొద్దిగా వెనక్కి జరిపి, చేతికీ పాయింటుకూ నడుమ స్ప్రింగులా వంగే సన్నని ఉక్కుతీగె వేస్తే మూలుగు ఆగుతుంది. ఒక పాయింటును కదిపినప్పుడు పక్క సిగ్నలు ఉలిక్కిపడితే విద్యుత్తు చాలటం లేదని అనుమానించాలి. సర్వోలకు వేరే సరఫరా ఇచ్చి, ఋణ తీగెను మాత్రం కంట్రోలరుతో కలిపి ఉంచాలి. స్విచ్చి వేయగానే అన్నీ ఒక్క కుదుపు కుదుపుతాయి. చాలా సర్వోలకు అది పుట్టుకతో వచ్చిన గుణం. మొదట స్పందనలు, తరువాత మోటారుకు విద్యుత్తు, ఈ వరుసలో అందిస్తే తగ్గుతుంది. తప్పు ఎక్కడుందో తేలనప్పుడు, మొరాయించే సర్వోను బాగా పనిచేసే సర్వో ఉన్న చోటికి మార్చి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. జబ్బు సర్వోతోపాటు వెళ్ళిందా, పాతచోటే ఉండిపోయిందా అన్నది నిమిషంలో తెలిసిపోతుంది.

ఇవన్నీ కంటికీ చెవికీ దొరికే జబ్బులు. దొరకనిది ఒకటి ఉంది. ఉక్కుతీగె కొక్కెం జారిందనుకోండి. సర్వో చేయి హాయిగా తిరుగుతుంది, పొటెన్షియోమీటరు ‘చేరాను’ అంటుంది, కంట్రోలరు ఆకుపచ్చ దీపం వెలిగిస్తుంది. పట్టా మాత్రం అంగుళం కదలదు. సర్వో తన చేతికి సాక్ష్యం చెప్పగలదు గాని పట్టాకు చెప్పలేదు. అందుచేత అనుభవజ్ఞులు కదిలే పట్టాకే చిన్న స్విచ్చి తగిలించి, ఆకుపచ్చ దీపానికి వెళ్ళే విద్యుత్తును దాని గుండా పోనిస్తారు. తీగె తెగినా, స్విచ్చి తగలకపోయినా ఎరుపే.

అసలు రైల్వేలో ఈ సాక్ష్యాన్ని పరీక్షించే పద్ధతి ముచ్చటైనది. కదిలే పట్టాను టంగ్ రైలు అనీ, అది ఆనుకొనే కదలని పట్టాను స్టాక్ రైలు అనీ అంటారు. ఆ రెంటి మధ్య, టంగ్ రైలు కొసకు 150 మిల్లీమీటర్ల దూరాన, 5 మిల్లీమీటర్ల మందం గల ముక్కను అడ్డుపెట్టి పాయింటు యంత్రాన్ని నడుపుతారు. అప్పుడు పాయింటుకు తాళం పడరాదు, మూసుకున్నదనే సూచన కేబిన్‌కు అందరాదు, మోటారుకు భారం పడకుండా క్లచ్చి జారాలి. బల్లమీద అట్టముక్కతో ఇదే పరీక్ష చేయవచ్చు.

ఆజ్ఞనే సాక్ష్యంగా తీసుకుంటే ఏమవుతుందో ఇంగ్లండులో 1876 జనవరి 21న తెలిసింది. అబ్బాట్స్ రిప్టన్ దగ్గర మంచుతుపానులో సిగ్నల్‌మన్ లీవరును ప్రమాద స్థానానికి తిప్పాడు. కానీ స్తంభపు చీలికలో మంచు గడ్డకట్టి, సిగ్నలు చేయి ‘దారి ఉంది’ అనే స్థితిలోనే బిగుసుకుపోయింది. ఎక్స్‌ప్రెస్ వచ్చి, పక్కదారికి తప్పుకుంటున్న బొగ్గుబండిని ఢీకొంది. ఆ శిథిలాలను ఎదుటినుంచి వచ్చిన ఇంకొక ఎక్స్‌ప్రెస్ ఢీకొంది. తరువాతనే ఆ లైనులో సిగ్నలు మామూలుగా ప్రమాద స్థానంలోనే ఉండాలనే నియమం స్థిరపడింది.

నూట నలభై ఏడేళ్ళ తరువాత, 2023 జూన్ 2 సాయంత్రం, ఖరగ్‌పూర్ మీదుగా మద్రాసు వైపు సాగిపోతున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు బాలాసోర్ దాటిన తరువాత బహనాగా బజార్ స్టేషన్‌లో మెయిన్ లైనుకు ఆకుపచ్చ సిగ్నలు పడింది. పాయింటు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉంది. అక్కడ ఇనుప ఖనిజంతో నిలిచి ఉన్న గూడ్సును అది పూర్తి వేగంతో ఢీకొంది; పట్టాలు తప్పిన పెట్టెలకు ఎదురుదిశలో హౌరాకు పోతున్న రైలు తగిలింది. 290 మందికి పైగా మరణించారు. తెలుగువారు నిత్యం ఎక్కే బండి అది.

రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది యంత్రలోపం కాదు. ఆ స్టేషన్ ఉత్తరపు సిగ్నల్ గదిలో గతంలో తీగెల అమరిక మార్చినప్పుడు జరిగిన పొరపాటు, ఆనాడు 94వ నంబరు లెవెల్ క్రాసింగు గేటు మార్పిడి పనిలో జరిగిన పొరపాటు కలిసి ఈ ఘోరం జరిగింది. తీగెల చివర రాసి ఉన్న పేర్లకూ వాటి అసలు పనికీ పొంతన లేదు. పాయింటు ఎటు తిరిగి ఉన్నా, ‘మెయిన్ లైనుకే ఉంది’ అనే సాక్ష్యం కేబిన్‌కు చేరిపోయింది. ఇదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో బాంక్రా నయాబాజ్ స్టేషన్‌లో 2022 మే 16న ఇటువంటి తీగెల తప్పే బయటపడిందనీ, అప్పుడే సరిదిద్దే చర్యలు తీసుకొని ఉంటే బహనాగా జరిగేది కాదనీ ఆ నివేదిక చెప్పింది. ఖరగ్‌పూర్ స్టేషన్‌లో 2017లో నెలకొల్పిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ 800 మార్గాలను అదుపు చేస్తుంది. అంతటి వ్యవస్థ అయినా తీగె అందించిన మాటనే నమ్మాలి. పట్టాను అది స్వయంగా చూడలేదు.

అందుకే తీగె విప్పి బిగించిన ప్రతిసారీ చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. ఒకరు పట్టా దగ్గర నిలబడతారు, ఒకరు ప్యానెల్ దగ్గర. పాయింటును రెండువైపులకూ తిప్పిస్తూ, కింద ఉన్న మనిషి తన కంటితో చూసినది గొంతెత్తి చెబుతాడు. పైన ఉన్న మనిషి దీపం చూసి, రెండు మాటలూ కలిస్తేనే పుస్తకంలో సంతకం పెడతాడు.