దూరపు తోటలు చూసినవాళ్లు దగ్గరి కాటా చూడరా?



దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. వ్యవసాయ విలేకరుల విదేశీ సభల మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు చదివితే ఆ మాట గుర్తుకు రాక మానదు. మొదటి భాగంలో విమానం, హోటలు, స్వాగత విందు ఉంటాయి. రెండో భాగంలో అక్కడి నాట్యం, పాట, వంటకాల రుచి, శుభ్రమైన రోడ్లు. మూడో భాగంలో ఒక పెద్ద కమతం, దాని మీద నడిచే పెద్ద యంత్రం, ఆ యంత్రం పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో. చివర ఒక సలహా: మన రైతులు కూడా ఇలా మారాలి. అక్కడితో అయిపోతుంది.

మారమని చెప్పేవాళ్లు ఎవరి ఖర్చుతో వెళ్లారో మాత్రం రాయరు.

విలేకరులు విదేశాలకు వెళ్లొద్దని మన సంఘం అనడం లేదు. వెళ్లాలి, చూడాలి. సాయంత్రం అక్కడి ఆట చూసి సంతోషిస్తే తప్పూ లేదు. ప్రపంచ వ్యవసాయ విలేకరుల సమాఖ్య ఏటా ఒక దేశంలో మహాసభ జరుపుతుంది. 2023లో కెనడాలో, 2024లో స్విట్జర్లాండ్‌లో, 2025లో కెన్యాలో జరిపారు. పొలాలు తిప్పుతారు, శాస్త్రవేత్తలతో మాట్లాడిస్తారు, పత్రికా స్వేచ్ఛ గురించి చర్చిస్తారు. అదంతా మంచిదే. అయితే ఆ సమాఖ్య శిక్షణలకూ అవార్డులకూ డబ్బు పెట్టేవాళ్లలో కోర్టేవా, ఆల్‌టెక్ వంటి కంపెనీలు ఉన్నాయి. ఒకటి విత్తనాలు, పురుగుమందులు అమ్మేది. ఇంకొకటి పశువుల దాణా సరుకు అమ్మేది. దాచి చేసే పనేమీ కాదు, పేర్లు పెట్టే ఇస్తారు. ఉప్పు తిన్న విశ్వాసం కలంలోకి దిగకుండా చూసుకోవడం రాసేవాడి బాధ్యత. ఆ ఉప్పు ఎవరిదో తెలుసుకోవడం చదివేవాడి హక్కు.

మనకెందుకీ గొడవ?

అశ్వారావుపేట రైతుకు ఇది నేరుగా తగిలే సంగతి. మన తోట ధర మన ఊళ్లో తేలదు. పామాయిల్ గెల అశ్వారావుపేటలో కోస్తాం, దాని వెల కౌలాలంపూర్, జకార్తా, ఢిల్లీల్లో నిర్ణయమవుతుంది. దేశం వాడే పామాయిల్‌లో అత్యధిక భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే దిగుతోంది. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా ఎగుమతులు ఆపింది. ఆ రోజుల్లో మన గెల టన్ను ఇరవై వేలు దాటింది. మే 23న ఆ నిషేధం ఎత్తేసింది. ఏడాది తిరిగేసరికి మన ధర పన్నెండు, పదమూడు వేలకు దిగింది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ దిగుమతి సుంకాన్ని సెస్సులతో కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. మనం ఊపిరి పీల్చుకున్నాం. 2025 మే చివర అదే కేంద్రం దాన్ని 16.5 శాతానికి దించింది. ఒక్క కాగితంతో మన నాలుగేళ్ల పెంపకం విలువ మారిపోయింది.

వరి రైతు ధర బాగాలేకపోతే వచ్చే ఏడు ఇంకో పంట వేస్తాడు. మనకు ఆ వీలు లేదు. మొక్క నాటిన నాలుగో ఏట గెల చేతికొస్తుంది. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఆ తోటకు కట్టుబడి ఉండాలి. కోసిన గెలను ఇరవై నాలుగు గంటల్లో ఆడించకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. 1993 ఆయిల్ పామ్ చట్టం ప్రకారం మండలాలను ఫ్యాక్టరీలకు పంచారు, మన జోన్ ఫ్యాక్టరీకే గెల పోయాలి. ఇంతగా కట్టేసిన పంటకు బయటి ప్రపంచం నుంచి సరైన సమాచారం తెచ్చిపెట్టేవాడు కావాలి. ఆ పని చేయాల్సిన విలేకరి అక్కడిదాకా వెళ్లి విందు గురించి రాస్తే, నష్టపోయేది పాఠకుడొక్కడే కాదు, గెల కోసిన రైతు కూడా.

మలేషియా నుంచి ఏం తేవాలి?

పామాయిల్ అనగానే మంత్రులు, అధికారులు, విలేకరులు మలేషియా పేరే ఎత్తుతారు. సరే, మలేషియానే తీసుకుందాం.

అక్కడ మలేషియా పామాయిల్ బోర్డు ప్రాంతాలవారీగా గెల ధరను రోజూ ప్రకటిస్తుంది. నూనె దిగుబడి ఒక్కో శాతానికి ఎంత వెలో లెక్క కట్టి పెడుతుంది. చిన్న రైతు పొద్దున్నే చూసుకుని ఫ్యాక్టరీవాడితో మాట్లాడగలడు. మన దగ్గర ధర నెలకోసారి వస్తుంది. నూనె శాతం, అంటే ఓఈఆర్, ఎక్కడ ఎవరు ఎలా తీశారో రైతు కళ్లతో చూసింది లేదు. ఒక్క శాతమే కదా అనుకోవద్దు. టన్ను గెలలో ఒక శాతం అంటే పది కిలోల నూనె. ముడి నూనె కిలో వంద రూపాయలుంటే టన్నుకు వెయ్యి. ఐదెకరాల తోటలో ఎకరానికి ఎనిమిది టన్నుల చొప్పున నలభై టన్నులు వస్తే ఏడాదికి నలభై వేల రూపాయల నూనె. అందులో పెద్ద వాటా రైతుది. సరిహద్దుకు అటు ఆంధ్ర రైతులు తెలంగాణ ఓఈఆర్‌తో సమానంగా ధర ఇమ్మని పోరాడింది ఊరికే కాదు. మలేషియా వెళ్లొచ్చిన వ్యాసాల్లో ఈ రోజువారీ ధర బోర్డు గురించి ఒక్క పేరా వెతికి చూడండి.

మలేషియాలో ఫెల్డా అనే సంస్థను 1956లో పెట్టారు. భూమి లేని పేదలకు తోటలిచ్చి స్థిరపరిచింది. గొప్ప పథకమని మనవాళ్లు రాస్తారు, అది నిజమే. 2012లో దాని వ్యాపార విభాగాన్ని షేర్ మార్కెట్‌కు తీసుకెళ్లారు. తర్వాత నాలుగైదేళ్లలో షేరు విలువ సగానికి పైగా కరిగిపోయింది. తోటలు పొందిన కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయి. గొప్ప రాసినవాళ్లు ఈ రెండో సగం కూడా రాయాలి కదా? కంపెనీ చేతికి తోటను అప్పగించాక రైతుకు ఏమవుతుందన్నది మనకు పాఠం.

ఇక కూలీల మాట. 2020లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు ఇద్దరు ఇండోనేషియా, మలేషియా తోటల్లోకి వెళ్లి అక్కడి కూలీల బతుకు బయటపెట్టారు. అప్పులో ఇరికించి, పాస్‌పోర్టులు లాక్కుని పని చేయించడాన్ని రాశారు. అదే ఏడాది అమెరికా రెండు పెద్ద మలేషియా కంపెనీల నూనెను నిర్బంధ శ్రమ కారణంతో ఆపింది. వాళ్లూ విదేశీ విలేకరులే, వాళ్లూ తోటలే చూశారు. కంపెనీ బస్సెక్కి చూడలేదు, అంతే తేడా.

సంస్కృతి అంటే నాట్యమేనా?

అక్కడి సంస్కృతి చూశామని మురిసిపోతారు. ఆ తోటల్లో మన సంస్కృతి కూడా ఉందని ఎంతమందికి తెలుసు? తెల్లదొరల కాలంలో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లను కంగాణీలు మలయా తోటలకు తోలుకుపోయారు. రబ్బరు గీశారు, కొబ్బరి దించారు, తర్వాతి తరాలు పామాయిల్ గెలలు మోశాయి. పెరాక్ రాష్ట్రంలో బాగన్ డాటుక్ చుట్టుపక్కల ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. 1955లోనే అక్కడి తెలుగువాళ్లు సంఘం పెట్టుకుని భాష నిలబెట్టుకున్నారు. గెల కోసే ఉలి పట్టుకుని మూడు తరాలు బతికిన తెలుగువాడు అక్కడున్నాడు. వాడి దగ్గర కూర్చుని, తోట యజమానికీ కూలీకీ మధ్య లెక్క ఎలా తేలిందో అడిగితే అశ్వారావుపేటకు పనికొచ్చే సమాచారం దొరుకుతుంది. హోటల్ వేదిక మీది నాట్యంలో అది దొరకదు.

మనదాకా వస్తే మన దగ్గరా అదే తంతు. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే కోయ అన్నలను పిలిచి కొమ్ములు పెట్టించి ఆడిస్తారు. ఫొటోలు తీసుకుంటారు. ఆ ఆడినవాడి పోడు భూమికి పట్టా వచ్చిందా, 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తు ఏమైంది, అని అడిగేవాడు కనపడడు. కొమ్ము కోయ ఆట కావాలి, కోయ రైతు గోడు అక్కర్లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే.

మనవాళ్లు వెళ్లిన తీరు

రైతుకు మేలు చేసిన విదేశీ ప్రయాణం మన తెలుగు నేల మీదే ఉంది. 2001లో జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో ప్రజాతీర్పు జరిగింది. చిన్న రైతులు, ఎక్కువగా దళిత, ఆదివాసీ మహిళలు జ్యూరీగా కూర్చున్నారు. అప్పటి ప్రభుత్వం తెచ్చిన విజన్ 2020ని, దాని వెనకున్న అధికారులను, కంపెనీ మనుషులను ప్రశ్నించారు. ఆ రకం అభివృద్ధి మాకొద్దన్నారు. ఆ పథకాలకు బ్రిటన్ సాయం ఉంది కాబట్టి, మరుసటి ఏడు జ్యూరీలోని మహిళా రైతు లండన్ దాకా వెళ్లి అక్కడి పార్లమెంటు సభ్యులకే ఆ తీర్పు వినిపించింది. ఆమె అక్కడికి వెళ్లింది లెక్క అడగడానికి.

అదే పస్తాపూర్ ప్రాంతపు మహిళలు కెమెరా పట్టారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వరంగల్ రైతుల నష్టాన్ని వాళ్లే చిత్రించారు. 2008లో మాచనూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. బడి చదువు అంతంతమాత్రమైన ఆడకూతుళ్లు చేసిన విలేకరి పని ఇది. చదువుకున్న విలేకరులు 2006లో ఏం చేశారో పాలగుమ్మి సాయినాథ్ ఎత్తిచూపారు. ముంబై ఫ్యాషన్ వారానికి గుర్తింపు కార్డులతో వెళ్లినవాళ్లు ఐదు వందలకు పైగా. అదే రాష్ట్రంలో విదర్భ పత్తి రైతుల చావులు రాయడానికి పోయినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. ఆ వేదిక మీద చూపించిన బట్టలు పత్తివే.

మన ప్రశ్నలు ఇవీ

విదేశాలు చూసొచ్చిన విలేకరి మిత్రులను మన సంఘం గౌరవంగానే అశ్వారావుపేట రమ్మంటోంది. వచ్చి ఈ ప్రశ్నలకు జవాబు వెతకమంటోంది.

నర్సరీ మొక్క ఆఫ్ టైప్ అని నాలుగో ఏట తేలితే, ఆ నాలుగేళ్ల ఎరువు, నీళ్లు, కూలీ ఎవరివ్వాలి? పక్క జిల్లా పెదవేగిలోనే ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది. దాని శాస్త్రవేత్త మాట రైతుకు ఎందుకు అందడం లేదు?

2021లో కేంద్రం 11,040 కోట్లతో పామాయిల్ మిషన్ ప్రకటించింది. గత ఐదేళ్ల ముడి నూనె సగటు ధరను టోకు ధరల సూచీతో సరిచేసి, అందులో 14.3 శాతం గెలకు భరోసా ధర అంది. తగ్గితే తేడా భరిస్తానంది. ఆ తేడా సొమ్ము ఎంతమంది ఖాతాల్లో పడింది?

తోట పట్టాదారు పేరున ఉండి, గెలలు కోసేది కౌలుదారు అయితే నష్టపరిహారం ఎవరికి? 2011లో కౌలు రైతుల కోసం చట్టం చేశారు. దాని కార్డు మన మండలంలో ఎంతమంది జేబులో ఉంది?

మన డిమాండ్లు కూడా చెప్పుకుందాం.

ఒకటి. విదేశీ పర్యటన మీద రాసే ప్రతి వ్యాసం కింద ఖర్చు ఎవరు పెట్టారో అచ్చు వేయాలి.

రెండు. ప్రభుత్వ ఖర్చుతో తోటలు చూడటానికి విదేశాలకు పంపే ప్రతి బృందంలో సాగు చేస్తున్న రైతులు, అందులో మహిళా రైతు, కౌలు రైతు ఉండాలి. తిరిగొచ్చాక మండల కేంద్రంలో సభ పెట్టి చూసింది చెప్పాలి.

మూడు. గెల ధర, ఓఈఆర్ లెక్క రోజూ ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగులో బోర్డు మీద రాయాలి. ఓఈఆర్ తీసేటప్పుడు రైతు ప్రతినిధి ఉండాలి.

నాలుగు. దిగుమతి సుంకం తగ్గించే ముందు రైతు సంఘాలతో మాట్లాడాలి.

ఇవి జరిగేదాకా మనమూ ఊరికే కూర్చోవద్దు. ప్రతి గ్రామ శాఖ నుంచి ఒకరు కాటా చీటీలు, తరుగు లెక్కలు, ధర తేదీలు ఒక పుస్తకంలో రాసి ప్రతి నెలా ఈ పత్రికకు పంపండి. మన విలేకరి మనమే. విమానం టికెట్టు అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను చాలు.