ముసురు రోజున రెండేళ్ల పిల్లకు ఏం కావాలి?

పల్నాడు జిల్లా రాజుపాలెం లాంటి మండలంలో ఆదివారం అందరికీ సెలవు కాదు. పత్తి తీతలు, మిరప కోతలు సాగే నెలల్లో ఆదివారం తెల్లవారగానే కూలీల ఆటోలు చేలకు బయల్దేరతాయి. అక్కడ అసలైన సెలవు ఇచ్చేది ముసురు. వాన పట్టుకుంటే ఆటో కదలదు, తడిసిన పత్తికి ఎవరూ చెయ్యి పెట్టరు, చేలో కాలు మోపితే పిక్కల దాకా నల్లరేగడి. అమ్మా నాన్నా ఇద్దరూ పగలంతా ఇంటిపట్టున కనిపించే రోజు ఆ ఇంటి రెండేళ్ల పిల్లకు దాదాపు అదొక్కటే.

ఆ రోజు ఎలా గడుస్తుందో తెలియనిది కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడైనా, 2024 ఆగస్టు 31 శనివారం, సెప్టెంబరు 1 ఆదివారం ఆకాశం చిల్లుపడినట్టు కురిసి బుడమేరు విజయవాడ కాలనీలను ముంచినప్పుడైనా, పల్నాడు రైతు ఇంట్లో పెద్దవాళ్ల కళ్లు టీవీ మీదా ఫోను మీదా ఉంటాయి. కల్లంలో ఏముందో, చేలో ఎన్ని నీళ్లు నిలిచాయో, మార్కెట్లో క్వింటా ధర ఏమైందో చూసుకోవాలి. ఆ ఆందోళనను తప్పుపట్టడానికి ఎవరికీ హక్కులేదు. కానీ అదే సమయంలో కాళ్లకు అడ్డం పడుతూ, గడప దాటి వానలోకి పరిగెత్తబోయే పిల్లను కూర్చోబెట్టడానికి ఇంట్లో ఉన్న రెండో ఫోను ఆమె చేతికి వెళ్తుంది. వాన రెండు రోజులు పడితే రెండు రోజులూ ఆ ఫోను ఆమె దగ్గరే.

ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఈ విషయంలో స్పష్టంగా చెప్పింది: రెండేళ్లు నిండని పిల్లలకు ఏ తెరా చూపించవద్దు, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించవద్దు. ఊళ్లో లేని అమ్మమ్మతో వీడియో కాల్ మాట్లాడటం వేరే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకో మాట కూడా చేర్చాయి. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల ఒళ్లు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు కదలాలి. మూడు గంటలు! వాకిట్లో బురద, వీధిలో మోకాలి లోతు నీళ్లు, ఇల్లు చూస్తే రెండు గదులు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే చేతులెత్తేస్తారు, లేదా బజారుకెళ్లి బ్యాటరీ బొమ్మ తెస్తారు. ఆ బొమ్మ మోత రెండో రోజుకే పిల్లకు విసుగు పుట్టిస్తుంది.

డబ్బు పెట్టి కొన్న బొమ్మ కంటే ఇంట్లో గిన్నె, పక్కన కూర్చున్న మనిషి ఎక్కువ పనిచేస్తారని చెప్పడం పాతకాలపు మురిపెం కాదు. దానికి గట్టి ఆధారం ఉంది. 1986–87లో కరేబియన్ దీవి జమైకాలో, రాజధాని కింగ్‌స్టన్‌లోని పేద వాడల్లో, వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పిల్లలను పరిశోధకులు ఎంచుకున్నారు. అందరూ తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల లోపు వాళ్లు. కొందరికి అదనపు పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు వారానికోసారి ఆరోగ్య కార్యకర్త వెళ్లి, గంటసేపు కూర్చుని, బిడ్డతో ఎలా ఆడాలో, ఏం మాట్లాడాలో తల్లికి చేసి చూపించింది. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ లేదు. ఇలా రెండేళ్లు సాగింది. ఆ కార్యకర్త సంచిలో ఖరీదైన సామానేమీ లేదు. ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు, అట్టముక్కలు, ఇంట్లో చేసిన బొమ్మలు. ఈ వారం ఒక బొమ్మ ఇంట్లో వదిలి, వచ్చే వారం దాన్ని తీసుకుని ఇంకోటి ఇచ్చేది.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లలను మళ్లీ వెతికి పట్టుకున్నారు. ఆట అందిన పిల్లలు, అందని తమ తోటివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని 2014లో 'సైన్స్' పత్రిక ప్రచురించింది. ఒక్క పోషకాహారమే అందిన పిల్లల ఆదాయంలో అలాంటి తేడా కనిపించలేదు. తిండి అక్కర్లేదని దీని అర్థం కాదు. ఆకలి తీరిన బిడ్డకు ఆట కూడా అందాలి, అంతే. సీసా మూతతో, డబ్బాతో, పక్కన కూర్చుని మాట్లాడే అమ్మతో గడిచిన గంటలు ఒక మనిషి బతుకుదెరువు దాకా వెళ్లాయంటే, రాజుపాలెంలో వాన రోజును చిన్నచూపు చూడకూడదు.

అయితే ఏం ఆడించాలి? ముందుగా వంటింట్లోకి వెళ్లాలి. రెండేళ్ల పిల్లకు పెద్దవాళ్ల పనిని మించిన ఆట లేదు. గోంగూర కట్ట విప్పి ముందు పెట్టి, ఒక రెమ్మ నుంచి ఆకు దూసి చూపిస్తే చాలు, చిన్ని వేళ్లు ఆ పనిలో మునిగిపోతాయి. సగం ఆకులు నలుగుతాయి, కాడలు కూడా గిన్నెలో పడతాయి, తర్వాత ఏరుకోవచ్చు. వేళ్లకు అది పలకా బలపం పట్టకముందు దొరికే మంచి కసరత్తు. చపాతీలకు కలిపిన పిండిలోంచి ఓ ముద్ద, దానికి చిటికెడు పసుపు. పాము, ఉండ, గవ్వ, ఏదైనా అవుతుంది. పళ్లెంలో బియ్యప్పిండి పలచగా పరిస్తే వేలితో ముగ్గు. బజారులో అమ్మే ముగ్గు మాత్రం వద్దు, అది రాతిపొడి, ముక్కులోకీ కంట్లోకీ పోతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారడం చూపించాలని పెద్దవాళ్లకు అనిపించవచ్చు, పక్కనే సున్నం బట్టీల పిడుగురాళ్ల ఉంది కూడా. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు కాబట్టి ఆ సరదాకు ఇక్కడ చోటు లేదు.

తర్వాతది నీళ్లు. వసారాలో ఒక పెద్ద పళ్లెం, రెండు గ్లాసులు, ఒక గరిటె, ఒక టీ జల్లెడ. ఇందులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి. పెద్దవాళ్లకు అర్థంలేని పనిగా కనిపించే ఈ పోతల్లో పిల్ల కొలతలు నేర్చుకుంటుంది. జల్లెడలో నీళ్లు ఎందుకు నిలవడం లేదని తలపైకెత్తి చూస్తుంది. 1939లో అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండిపోయిన మరియా మాంటిస్సోరి, ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయడాన్ని తన పద్ధతిలో పాఠంగానే పెట్టింది. ఇవాళ పట్నాల్లో ఆ పేరు పెట్టుకున్న బడులు వేలల్లో ఫీజు తీసుకుని చేయించే పనుల్లో ఇదీ ఒకటి. పల్లెటూరి వసారాలో ఆ పాఠానికి కావాల్సిన నీళ్లను వాన చూరు నుంచి ఉచితంగా పోస్తోంది. చూరు కింద స్టీలు గిన్నె, ఇత్తడి చెంబు, ప్లాస్టిక్ బకెట్ బోర్లించి పెడితే మూడూ మూడు రకాలుగా మోగుతాయి. ఏది ఎలా మోగుతోందో పిల్లతో కలిసి చెవి పెట్టి వినడానికి పైసా ఖర్చు లేదు.

ఒళ్లు కదలడానికి ఇల్లు ఇరుకని అనుకోవడం పొరపాటు. నులక మంచాన్ని అడ్డంగా నిలబెట్టి, కదలకుండా గోడకు ఆనించి దుప్పటి కప్పితే గుహ. కిరాణా కొట్టులో అడిగితే ఇచ్చే పెద్ద అట్టపెట్టెకు రెండు వైపులా కోస్తే సొరంగం. వరసగా పరిచిన దిండ్లు ఎక్కి దిగాల్సిన కొండలు. నాన్న నాలుగు కాళ్ల మీద వంగితే ఏనుగు, వీపు మీద ఎత్తుకుంటే ఉప్పుమూట. పాత దినపత్రికలు చింపి, ఉండలు చుట్టి, మూల ఉన్న బకెట్లోకి విసరడం అరగంట ఆట. ఈ పత్రికను కూడా చదివాక నిస్సంకోచంగా అందుకు వాడుకోవచ్చు. గాలివానకు కరెంటు పోతే మరీ మంచిది. పిల్లకు అందనంత ఎత్తున టార్చి పెట్టి గోడ మీద చేతులతో కుక్కను, కొంగను ఆడిస్తే, తోలుబొమ్మలాట పుట్టిన తెలుగునేల మీద ఆ పిల్ల చూసే మొదటి ప్రదర్శన అదవుతుంది.

ఏ ఒక్క ఆటా ఎక్కువసేపు సాగదు. పది నిమిషాలకు మొహం మొత్తుతుంది. ఇది పిల్ల తప్పూ కాదు, ఆట తప్పూ కాదు, వయసు అలాంటిది. అందుకే ఉన్న సామానంతా ఒకేసారి కుప్పపోయకూడదు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించిన పరిశీలనలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల ముందు ఓసారి నాలుగు బొమ్మలు, ఓసారి పదహారు బొమ్మలు పెట్టి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. పేదింట్లో బొమ్మలు తక్కువన్న బెంగ ఉన్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

జాగ్రత్తల దగ్గర మొహమాటం పనికిరాదు. చింతపిక్కలు, పల్లీలు, వేయించిన శనగలు, గవ్వలు, రిమోట్లో ఉండే గుండీ బ్యాటరీలు మూడేళ్ల లోపు పిల్లల చేతికి అందకూడదు. ఆ వయసు బిడ్డ గొంతు ఎంత సన్నమో అంచనా కట్టి, బొమ్మల పరీక్షలో 3.17 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టం వాడతారు. అందులో పట్టే వస్తువు గొంతులో అడ్డుపడగలదు. గురివింద గింజలు ఎంత ముద్దొచ్చినా అవి విషం. నీళ్లాటలో పెద్దవాళ్లు చేయిచాపితే అందేంత దగ్గర ఉండాలి, ఆట అయ్యాక పళ్లెమూ బకెట్టూ వెంటనే ఖాళీ చేయాలి, ఎందుకంటే చిన్నపిల్ల ప్రాణం పోవడానికి బెత్తెడు నీళ్లు చాలు. ఈ ప్రాంతానికి ఇంకో జాగ్రత్త ఉంది. పత్తి, మిరప నిల్వ చేసిన గది వానాకాలంలో పొడిగా, మెత్తగా, పిల్లలను పిలుస్తూ ఉంటుంది. పురుగుమందు కొట్టిన పంట అది, ఘాటు దుమ్ము అది. ఆ గదికి గొళ్లెం పైన పెట్టించాలి.

వేసవిలోనూ ఇదే కథ, కారణమే మారుతుంది. రాష్ట్రంలో ఎండ పేరెత్తగానే గుర్తొచ్చే రెంటచింతల ఈ జిల్లాలోదే. మే నెలలో పదకొండు గంటల నుంచి సాయంత్రం దాకా పసిపిల్లను బయటికి పంపలేరు. నీళ్ల పళ్లెం, తడిబట్టతో నేల తుడిచే ఆట అప్పుడు ఇంకా బాగా పనికొస్తాయి.

ఇవన్నీ చదివి, చేయాల్సింది అమ్మేనని ఇంట్లో తీర్మానించుకుంటే మాత్రం ఈ రాత వృథా. ముసురు రోజున చేలో పని ఆగుతుంది కానీ పొయ్యి ఆగదు. తడి కట్టెలు, ఆరని బట్టలు, ఇంట్లోనే ఉన్న అందరికీ మూడుపూటలా వంట. ఆ రోజు ఆమెకు పని పెరుగుతుంది. మగవాళ్లకే తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో కొంత టీ బంకు దగ్గర కాకుండా దుప్పటి గుహలో గడవాలి. తాతయ్య చెప్పే కథ, మేనమామ మోసే ఉప్పుమూట, నాన్న వేసే ఏనుగు వేషం, ఇవి అమ్మ చేతిపని తగ్గిస్తాయి. నాన్న గొంతు కూడా బిడ్డ మాటల్లో భాగమవుతుంది.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం యాభై ఏళ్లు దాటింది. అంగన్‌వాడీ కేంద్రంలో మూడేళ్లు నిండిన పిల్లలకు ఆటపాటలున్నాయి. అంతకన్నా చిన్నవాళ్ల ఇంటికి వెళ్లేది ప్రధానంగా బాలామృతం ప్యాకెట్టు. కేంద్రం 2024లో 'నవచేతన' పేరుతో పుట్టిన నాటి నుంచి మూడేళ్ల దాకా, 36 నెలలకు 140 ఆటలతో ఒక క్యాలెండర్ తయారుచేసింది. కాగితం మీద అది మంచి పని. అది ఇళ్లలోకి రావాలంటే ప్యాకెట్టుతో పాటు ఒక సంచి కూడా రావాలి.

శనివారం తీసుకెళ్లి సోమవారం తిరిగిచ్చే ఆటల సంచి. అందులో నాలుగే వస్తువులు చాలు: ఒక గుడ్డబంతి, ఒక గుడ్డపుస్తకం, గరుకు లేకుండా అరగదీసిన కొన్ని చెక్కదిమ్మెలు, ఒక ఏటికొప్పాక బొమ్మ. అంకుడు కర్ర మీద లక్కతో, చెట్ల నుంచి తీసిన రంగులతో చేసే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అంతకన్నా నమ్మకమైన రంగులు బజారులో దొరకడం కష్టం. బొమ్మలు అరువిచ్చే పద్ధతి కొత్తదేమీ కాదు. మహా మాంద్యం రోజుల్లో, 1935లో, అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో పేద పిల్లల కోసం మొదలైన బొమ్మల అరువు కేంద్రం నేటికీ నడుస్తోంది.

అంగన్‌వాడీ కార్యకర్తల మీద ఇంకో బరువా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. వేతనాల కోసం, గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసిన వాళ్లు వాళ్లు. కాబట్టి ఈ పని వాళ్ల నెత్తిన పెట్టకూడదు. సంచులు కుట్టడం, గుడ్డబంతులు చేయడం, సోమవారం వచ్చిన బొమ్మలను సబ్బునీళ్లతో కడిగి లెక్క చూడటం డ్వాక్రా సంఘాలకు కూలి ఇచ్చి అప్పగించవచ్చు. ఖర్చు పంచాయతీ భరించాలి. రాజుపాలెం మండలంలో ఒక్క ఊళ్లో, ఒక్క కేంద్రం పరిధిలో, వచ్చే వానాకాలం నాలుగు నెలలు దీన్ని నడిపి చూడవచ్చు. ఎన్ని సంచులు వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఏ బొమ్మ ముందు విరిగింది, ఏది మళ్లీ మళ్లీ అడిగారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి, దసరా తర్వాత గ్రామసభలో చదివితే, పక్క ఊరు తన లెక్క తాను వేసుకుంటుంది.