చెయ్యి చెప్పే కబురు

మామిడి తోటలో మోటారు వేశాక రైతు ఏం చేస్తాడు? ఓసారి పైపు మీద చెయ్యి వేసి చూస్తాడు. లోపల నీళ్లు పరుగెడుతుంటే ఆ అదురు అరచేతికి తెలుస్తుంది. అదురు తగ్గిందంటే ఎక్కడో ఏదో అడ్డుపడినట్టే. నూజివీడు తోటల్లో ఇది పిల్లలకూ తెలిసిన సంగతి. డయాలసిస్ చేయించుకునేవాళ్లు తమ చేతి విషయంలోనూ సరిగ్గా ఇదే చేయాలి... అదీ రోజూ!

నూజివీడుకు పొరుగునున్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. జబ్బు ముదిరితే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ తప్పదు. ఆ యంత్రానికి నిమిషానికి దాదాపు 300 మిల్లీలీటర్ల రక్తం అందాలి. మణికట్టు దగ్గరి ధమనిలో మామూలుగా పారేది అందులో పదో వంతే. అందుకే ధమనిని పక్కనున్న సిరతో కలిపి కుడతారు. అదే ఫిస్టులా. న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, సిమినో, వారి సహచరులు 1966లో ఈ పద్ధతిని ప్రపంచానికి తెలియజేశారు. కొన్ని వారాల్లో సిర లావెక్కి, గోడలు గట్టిపడతాయి. బాగా కుదిరిన ఫిస్టులాలో నిమిషానికి 600 మిల్లీలీటర్లకు పైగా రక్తం పారుతుంది.

చిక్కేమిటంటే, కొన్నాళ్లకు ఈ సిర లోపల ఇరుకైపోవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి గడ్డకట్టి మూసుకుపోయేదాకా చాలామంది గమనించరు. కానీ చెయ్యి ముందే కబురు పెడుతుంది!

పొద్దున్నే ఫిస్టులా మీద వేళ్లు ఆనించండి. పిల్లి గుర్రుమన్నట్టు సన్నని అదురు ఆగకుండా తెలియాలి. దాని బదులు నాడిలా దబదబా కొట్టుకుంటుంటే ముందు ఎక్కడో ఇరుకైందని అనుమానించాలి. చెయ్యి పైకెత్తితే ఉబ్బిన సిర కాస్త కుంగాలి. అలాగే బిగుసుకుని ఉన్నా, చెయ్యి వాచినా, సూదులు తీశాక రక్తం ఎంతకీ ఆగకపోయినా డాక్టరుకు చెప్పాల్సిందే.

అప్పుడు డాప్లర్ స్కాన్ చేస్తారు. మోచేతి పైన ధమని వెడల్పు, రక్తం వేగం చూసి నిమిషానికి ఎంత పారుతోందో లెక్కకడతారు. 500 కన్నా తగ్గినా, మునుపటికన్నా బాగా పడిపోయినా జాగ్రత్త పడాలి. ఇరుకైన చోటును బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు.

అదురు పూర్తిగా ఆగిపోతే మాత్రం ‘రేపు చూద్దాం’ అనుకోకూడదు. అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే ఆ ఫిస్టులా దక్కకపోవచ్చు. అప్పుడు మెడ దగ్గర గొట్టం వేయాల్సి వస్తుంది. దాంతో ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువ.

ఇంట్లోవాళ్లూ కొన్ని గుర్తుంచుకోవాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు. బిగుతు గాజులు, వాచీ వద్దు. ఆ చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోకూడదు. కాయలు కోసే రోజుల్లో పండ్ల బుట్ట హ్యాండిల్ ఆ చేతికి తగిలించుకోకూడదు. బీపీ బాగా పడిపోయినప్పుడు ఫిస్టులా మూసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఆరోజు ఇంకోసారి తాకి చూడాలి.

కోతల హడావుడిలో తోటకు నీళ్లు పెట్టడం ఎవరూ మరచిపోరు. ఆ చేతిని తాకి చూడ్డానికి పట్టేది అరనిమిషమే!