యిర్మీయా మట్టికుండ – మన చేతిలోని ఫోన్

"ఫోన్ ఏదమ్మా?" అని అడిగారు లాయర్ గారు.

ఆ సహోదరి నా వైపు చూసింది. "పాడైపోయింది గదా అయ్యగారూ, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసినాం" అంది.

రెండేళ్ల కిందటి మాట. కె.ఆర్.పురం అవతల ఒక అపార్ట్‌మెంట్ కడుతున్న చోట, అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటున్నాయి. మా ఆదివారపు ఆరాధనకు వచ్చే వాళ్లే. రావాల్సిన కూలి అడిగినందుకు ఆమె భర్తను షెడ్ల ముందే కొట్టారు. ఆమె భయపడుతూనే ఫోన్‌లో వీడియో తీసింది. నాకు వాట్సాప్‌లో పంపింది. నేను నాకు తెలిసిన గ్రూపులన్నిటికీ పంపాను. వందల మంది చూశారు, ప్రార్థించారు, కోపపడ్డారు. పోలీసులు కేసు కూడా నమోదు చేశారు. కానీ "ఆ ఫోన్ జాగ్రత్తగా దాచుకో తల్లీ" అనే ఒక్క మాట మాలో ఎవరమూ ఆమెకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నెలల తరువాత లాయర్ అడిగేసరికి, చేతులు మారి చిక్కిపోయిన ఆ వీడియో ఇరవై ఫోన్లలో ఉంది. అసలు తీసిన ఫోన్ మాత్రం లేదు.

నేను వేదాంతం చదివాను, ధర్నాల్లో కూర్చున్నాను, కలెక్టర్లకు వినతిపత్రాలు ఇచ్చాను. సాక్ష్యాన్ని ఎలా కాపాడాలో మాత్రం నేర్చుకోలేదు. ఆ తప్పును ఒప్పుకుంటూనే ఈ మాటలు రాస్తున్నాను.

ఒకే సంఘం, రెండు లోకాలు

మా సంఘంలోనే ఒక యువకుడు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న ఒక ఆఫీసులో పని చేస్తాడు. అమెరికా కంపెనీల మధ్య కేసులు నడిచినప్పుడు లక్షల ఈమెయిళ్లు, చాట్‌లు, ఫైళ్లు వడబోసి, కేసుకు పనికొచ్చేవి వేరు చేయడం వాళ్ల పని. దాన్ని ఈ-డిస్కవరీ అంటారు. గొడవ కోర్టుకు వెళ్లేలా ఉందని తెలిసిన వెంటనే కంపెనీ తన ఉద్యోగులకు "ఏదీ చెరపొద్దు" అని నోటీసు ఇస్తుందట. దానికి లిటిగేషన్ హోల్డ్ అని పేరు.

ఆ పద్ధతి బలపడటానికి ఒక స్త్రీ వేసిన దావా పెద్ద కారణం. లారా జుబులేక్ అనే ఉద్యోగిని తన మీద లింగవివక్ష జరిగిందని యూబీఎస్ బ్యాంకు మీద న్యూయార్క్‌లో కేసు వేసింది. ఆమెకు సంబంధించిన కొన్ని ఈమెయిళ్లను బ్యాంకు సిబ్బంది చెరిపేశారని తేలింది. పోయిన ఆ ఈమెయిళ్లు బ్యాంకుకు వ్యతిరేకంగానే ఉండేవని జూరీ భావించవచ్చని 2004లో జడ్జి షీరా షైండ్లిన్ ఆదేశించారు. 2005లో జూరీ ఆమెకు దాదాపు 2 కోట్ల 90 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2006లో అమెరికా ఫెడరల్ సివిల్ నియమాలలోకి ఎలక్ట్రానిక్ సమాచారం పేరు పెట్టి మరీ చేరింది. 2012 నుంచి, కంప్యూటరే నేర్చుకుని పత్రాలు వడబోసే పద్ధతిని కూడా అక్కడి కోర్టులు ఒప్పుకోవడం మొదలుపెట్టాయి.

మన దేశంలో కూడా 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం కింద, పెద్ద వ్యాపార వివాదాల్లో ఉభయ పక్షాలూ తమ దగ్గరున్న ఎలక్ట్రానిక్ రికార్డులను బయటపెట్టాలి. అంటే కోట్ల రూపాయల వాళ్లకు నియమం ఉంది, దాన్ని అమలు చేయడానికి మనుషులున్నారు. ఆ మనుషుల్లో ఒకడు మా సంఘంలో గిటార్ వాయిస్తాడు. అతని వెనక వరుసలో కూర్చునే కూలి తల్లికి మాత్రం "ఫోన్ దాచుకో" అని చెప్పే దిక్కు లేదు. ఈ రెండు లోకాల మధ్య వంతెన వేయాల్సింది సంఘమే అని నా అభిప్రాయం.

చట్టం ఏమంటోంది?

2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా పెట్టాలంటే పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉండాలి. మధ్యలో కొంత గందరగోళం వచ్చినా, 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. ఫోన్ సొంతదారే దాన్ని తీసుకొచ్చి, ఇది నాదే, ఇందులో నేనే తీశాను అని బోనులో చెప్పగలిగితే సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ సహోదరి దగ్గర ఫోన్ ఉండి ఉంటే ఆమె మాటే చాలేది!

2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చింది. దాని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌లో రెండు భాగాలున్నాయి. ఒకటి రికార్డును సమర్పించే వ్యక్తి నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. ఫైల్‌లో ఒక్క చుక్క మారినా ఆ అంకెలూ అక్షరాలూ వేరుగా వస్తాయి. మామూలు కంప్యూటర్‌లో నిమిషంలో తీయవచ్చు, ఖర్చు లేదు.

కానీ నిపుణుడిని పేదవాడు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఉచిత న్యాయ సహాయం హక్కు. లాయర్‌ను ఇచ్చి నిపుణుడిని ఇవ్వకపోతే అది సగం సహాయమే. జిల్లా న్యాయ సేవల సంస్థలు ఉచిత నిపుణుల జాబితా పెట్టాలని మనం అడగాలి. ఇది ప్రార్థనతో పాటు వినతిపత్రం కూడా కావలసిన విషయం.

నాబోతు మీద రాసిన లేఖ

ఇంతవరకు మన చేతిలో ఉన్న సాక్ష్యం గురించి చెప్పాను. మన మీద వచ్చే సాక్ష్యం సంగతి?

నాబోతు కథ మనకు కొత్త కాదు. యెజెబెలు అహాబు పేరిట లేఖలు రాసి రాజముద్ర వేసింది. ముద్ర నిజమైనదే, లోపలి కథ అబద్ధం. ఇద్దరు సాక్షులను కూడా సిద్ధం చేశారు. పైకి చట్టప్రకారమే అంతా జరిగింది. ఊరిపెద్దల్లో ఒక్కరైనా ఈ ఉత్తరం ఎవరు రాశారు అని అడగలేదు. నాబోతు ప్రాణం పోయింది, తోట పోయింది.

ఫాదర్ స్టాన్ స్వామి పేరు తలుచుకోకుండా ఈ మాట ముగించలేను. జార్ఖండ్ ఆదివాసుల మధ్యకు వెళ్లకముందు, 1975 నుంచి 1986 వరకు, ఆయన మన బెంగళూరులోనే ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్‌గా ఉన్నారు. భీమా కోరేగావ్ కేసులో 2019 జూన్ 12న పుణె పోలీసులు ఆయన కంప్యూటర్ తీసుకెళ్లారు. 2020 అక్టోబర్ 8న ఎన్ఐఏ అరెస్టు చేసింది. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికే ఆ వృద్ధుడు బెయిల్ రాకుండానే 2021 జూలై 5న, 84వ ఏట, ముంబయి ఆసుపత్రిలో కన్నుమూశారు. మన తెలుగు కవి వరవరరావు కూడా ఇదే కేసులో నిందితుడు.

2022 డిసెంబరులో అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ నివేదిక బయటికి వచ్చింది. 2014 అక్టోబరు నుంచి ఎవరో ఆయన కంప్యూటర్‌లోకి దొంగతనంగా చొరబడ్డారని, ఆయనకు తెలియకుండా ఫైళ్లు పెట్టారని, పోలీసులు రావడానికి ముందు రాత్రి తమ జాడలు తుడిచే పని చేశారని అందులో ఉంది. ఎన్ఐఏ ఈ సంస్థ నివేదికలను ఒప్పుకోలేదు. వీటి నిజానిజాలపై విచారణ కోర్టు ఇంకా తేల్చలేదు. తేలేనాటికి ఆ పెద్దాయన మాత్రం లేరు.

ఇందులో ఒక పాఠం ఉంది. స్వాధీనం చేసుకున్న తర్వాత ఎవరూ మార్చలేదని హ్యాష్ విలువ చెప్పగలదు. అంతకు ముందే ఎవరైనా లోపల పెట్టారా అన్నది హ్యాష్ చెప్పదు. అది తెలియాలంటే డిస్క్ మొత్తం నకలు నిందితుడి చేతికి రావాలి, అతని తరఫు నిపుణుడు చూడాలి. మెమరీ కార్డులోని సమాచారం కూడా పత్రమేనని, మామూలుగా దాని నకలు నిందితుడికి ఇవ్వాలని 2019 నవంబరులో గోపాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది లైంగిక దాడి కేసు కాబట్టి, బాధితురాలి గౌరవం కోసం నకలు ఇవ్వకుండా చూసుకోనివ్వమంది. రెండు వైపులా ఆలోచించిన తీర్పు అది.

మన కర్ణాటక హైకోర్టు 2021 మార్చిలో వీరేంద్ర ఖన్నా కేసులో ఫోన్లు, కంప్యూటర్ల సోదాపై మార్గదర్శకాలు ఇచ్చింది. అర్హత ఉన్న ఫోరెన్సిక్ నిపుణుడు సోదా బృందంతో ఉండాలి. దర్యాప్తు అధికారి తానే కంప్యూటర్ తెరిచి వెతకకూడదు. ఆపి ఉన్న యంత్రాన్ని ఆన్ చేయకూడదు. దొరికిన సమాచారాన్ని కోర్టు అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వకూడదు. పాస్‌వర్డ్ చెప్పించడం తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పడం కిందికి రాదని కూడా ఇదే తీర్పు అంది. దానితో నాకు ఏకీభావం లేదు. ఈ రోజు ఫోన్ తెరిస్తే మనిషి తెరుచుకున్నట్టే. అయినా మిగిలిన నియమాలు ప్రతి స్టేషన్ గోడ మీదా ఉండదగినవి.

సంఘాలు చేయగలిగినవి

1. గొడవ జరిగిన రోజే చెప్పండి: ఫోన్ అమ్మవద్దు, ఫార్మాట్ చేయవద్దు. పగిలినా దాచండి. వాట్సాప్‌లో మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగ్ ఉంటే ఆపండి.

2. వీడియోను కత్తిరించవద్దు, పాట కలపవద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైల్ కుదించుకుపోయి వేరే ఫైల్ అవుతుంది. కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించి, హ్యాష్ తీసి రాసిపెట్టండి.

3. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతికి ఇచ్చారు. ఇద్దరి సంతకాలు.

4. పక్క దుకాణం సీసీ కెమెరాలో పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి. ఆ రికార్డు భద్రపరచమని వెంటనే పోలీసులకు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

5. పోలీసులు ఫోన్ తీసుకుంటే మోడల్, ఐఎంఈఐ నంబరు, హ్యాష్ విలువ పంచనామాలో రాయమని అడగండి. కొత్త నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి.

6. బాధితుల ముఖాలు, ముఖ్యంగా స్త్రీలవి, పిల్లలవి, గ్రూపుల్లో పెట్టవద్దు. నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.

ఇంకొక కష్టమైన మాట. ఫిర్యాదు మన సంఘం మీదే, మన పెద్దల మీదే, మన కాపరి మీదే వస్తే? "సంఘానికి చెడ్డపేరు" అని మెసేజ్‌లు చెరిపేయమని చెప్పేవాళ్లను నేను చూశాను. ఆ రోజు కూడా "ఏదీ చెరపొద్దు" అన్న నియమమే మనకు వర్తించాలి. ఇతరుల దగ్గర అడిగే న్యాయం మన ఇంట్లో ఇవ్వలేకపోతే మనం ఎవరి తరఫున మాట్లాడుతున్నట్టు?

సీలు వేసిన ప్రతి, తెరిచి ఉన్న ప్రతి

బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టిన రోజుల్లో, తాను చెరసాల ఆవరణంలో ఉండి, యిర్మీయా అనాతోతులో పొలం కొన్నాడు. వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. క్రయపత్రానికి రెండు ప్రతులు: ఒకటి సీలు వేసినది, ఒకటి తెరిచి ఉన్నది. బారూకును పిలిచి, చాలా కాలం నిలిచేలా రెండింటినీ మట్టికుండలో పెట్టమన్నాడు.

నేటి ఫోరెన్సిక్ నిపుణుడు చేసేదీ ఇదే. అసలును సీలు వేసి కదపకుండా ఉంచుతాడు, నకలు మీద పని చేస్తాడు, ఎవరి చేతికి ఇచ్చాడో రాస్తాడు. నగరం కూలిపోతున్న వేళ పత్రం దాచడం యిర్మీయాకు విశ్వాసపు పని. ఒక రోజు ఈ దేశంలో మళ్లీ న్యాయంగా విచారణ జరుగుతుందని నమ్మినవాడే పత్రం దాస్తాడు.

ఆ సహోదరి భర్త కేసు ఇంకా నడుస్తోంది, వీడియో లేకుండానే. ఇప్పుడు మా సంఘం బీరువాలో ఒక తాళం పెట్టె ఉంది. గిటార్ వాయించే ఆ యువకుడే ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన తర్వాత అరగంట, కూలి తల్లులకు ఫోన్‌లో సాక్ష్యం ఎలా కాపాడుకోవాలో చూపిస్తున్నాడు. పోయిన నెల ఆమె ముందు వరుసలో కూర్చుంది. కొత్త ఫోన్ తీసి, "ఇది ఇంక ఎవరికీ ఇచ్చేది లేదు అయ్యగారూ" అంది.

మీ సంఘంలో ఆ పెట్టె ఎక్కడ ఉంది?