అప్పు చేతిలో పెట్టి యజమాని అనకండి

పేదరికం పోవాలంటే పేదవాడి చేత చిన్న వ్యాపారం పెట్టించాలన్న మాట ఇప్పుడు పార్టీలతో పనిలేకుండా చెల్లుబాటవుతోంది. ఉద్యోగాలు అడిగేవాళ్లు కాదు, ఇచ్చేవాళ్లు కావాలని ప్రతి సభలోనూ చెబుతున్నారు. ఇస్తున్నదెవరు? 2013-14 నాటి ఆరో ఆర్థిక గణన, పంటల సాగు, ప్రభుత్వ పాలన మినహాయించి, దేశంలో 5.85 కోట్ల సంస్థలున్నాయని తేల్చింది. వాటిలో నూటికి డెబ్బైకి పైగా, జీతమిచ్చి ఒక్క మనిషినీ పెట్టుకోనివే. వ్యాపారాల సంఖ్యతోనే పేదరికం పోయేదైతే మనకు ఎప్పుడో పోయుండాలి.

కూడలిలో మూడు టిఫిన్ బండ్లున్నాయి. పని దొరకని మనిషి అప్పు తెచ్చి నాలుగోది పెట్టాడు. ఇడ్లీ తినేవాళ్లు అంతమందే. నిన్న ముగ్గురు పంచుకున్న బేరం ఇవాళ నలుగురికి పంచాలి. సర్కారు లెక్కలో మాత్రం ఒక కొత్త వ్యాపారి పుట్టాడు.

అప్పిస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారన్న నమ్మకాన్ని మన హైదరాబాద్‌లోనే పరీక్షించారు. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తమ సహచరులతో కలిసి నగరంలోని 104 బస్తీలను ఎంచుకున్నారు. చీటీ వేసినట్టు సగం బస్తీల్లో ముందుగా మైక్రో ఫైనాన్స్ శాఖలు తెరిపించారు. కొత్త వ్యాపారాలు కొన్ని వచ్చాయి. ఇంటి ఖర్చు మాత్రం సగటున పెరగలేదు. పిల్లల చదువులోనూ, ఇంట్లో ఆడవాళ్ల మాట నెగ్గడంలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. లాభం దక్కింది అప్పటికే బాగా నడుస్తున్న కొద్ది వ్యాపారాలకే.

2010లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారం వారం కిస్తీల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ప్రభుత్వం అక్టోబరులో మైక్రో ఫైనాన్స్ సంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. దానికి రెండు నెలల ముందే ఎస్‌కెఎస్ మైక్రో ఫైనాన్స్ షేర్లు అమ్మి 1,600 కోట్ల రూపాయలకు పైగా సమీకరించింది. చిన్న వ్యాపారం పేరుతో ఎవరి వ్యాపారం పెరిగిందో వేరే చెప్పాలా?

‘ఆ బండి కూడా లేకపోతే వాడేం తినేవాడు?’ అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. బండి అతణ్ని పస్తుల నుంచి కాపాడుతుంది, కాదనను. కానీ పస్తు తప్పడం వేరు, పేదరికం దాటడం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోది సాధించామనడమే మోసం.

చిన్న పరిశ్రమ నిజంగా ఎలా నిలబడుతుందో సిరిసిల్ల చెబుతుంది. నేత కార్మికుల ఆత్మహత్యలతో వార్తలకెక్కిన ఊరది. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు రావడంతో మరమగ్గాలకు నెలల తరబడి పని దొరికింది, కార్మికుడి కూలి మెరుగుపడింది. ఆ ఆర్డర్లు ఆగి, బకాయిలు పేరుకునేసరికి మళ్లీ మగ్గాలు ఆగాయి. మగ్గాలు నడిపేవాళ్ల కష్టపడే గుణం ఈ మధ్యలో ఏమీ మారలేదు. మారింది గిరాకీ. ఒక్క కొనుగోలుదారు మీదే ఊరంతా ఆధారపడితే వచ్చే ముప్పు కూడా అక్కడే తేలింది.

కాబట్టి చిన్న వ్యాపారానికి కావలసింది ఉపన్యాసం కాదు. సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల 2006 చట్టంలోనే ఉంది. ముందు ప్రభుత్వ శాఖలూ, పెద్ద కంపెనీలూ దాన్ని పాటించాలి. వీధి వ్యాపారులకు చోటు చూపమని 2014 చట్టం చెప్పింది. మున్సిపాలిటీ లారీలు బండ్లు ఎత్తుకుపోవడం మానాలి. ఇద్దరు పనివాళ్లున్న షెడ్డు ఇరవై మందికి ఎదగడానికి బ్యాంకు తోడు నిలవాలి.

ఇక పథకాల లెక్కలూ మారాలి. ఎన్ని లక్షల ఖాతాలకు రుణాలిచ్చామన్నది గొప్ప కాదు, అది బాకీల జాబితా. ఆ డబ్బుతో ఎంతమందికి నెలనెలా జీతం అందిందో చెప్పండి. ఆ అంకె చెప్పలేని పథకానికి పేదరిక నిర్మూలన అనే పేరు వాడుకునే హక్కు లేదు.