బోర్డు మారిస్తే జ్వరం తగ్గుతదా?

పత్తి చేనుకు మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయిన మనిషికి ముందు కావాల్సింది కార్డు కాదు, దగ్గరలో డాక్టరున్న దవాఖాన. పలిమెలలో పాము కరిచినా, కొత్తగూడలో జ్వరాలు ముసిరినా, పాలకుర్తిలో నొప్పులొచ్చినా అంతే.

బీజేపీ సర్కారుకు ఇది తెలియక కాదు. 2025 నాటికి కేంద్రం, రాష్ట్రాలు కలిసి వైద్యానికి జీడీపీలో 2.5 శాతం ఖర్చు చేయాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో తానే రాసుకుంది. 2023-24లో అది 1.9 శాతమేనని దాని ఆర్థిక సర్వేనే ఒప్పుకుంది.

డబ్బు పెట్టలేదు గానీ పేరు పెట్టింది. వెల్‌నెస్ సెంటర్ల బోర్డులు తీసి ‘ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్’ అని రాయమని 2023 నవంబరులో రాష్ట్రాలకు చెప్పింది. కింద ‘ఆరోగ్యం పరమం ధనం’ అని కూడా రాయాలట! తాను చెప్పిన పేరు, రంగు పాటించలేదని పశ్చిమ బెంగాల్, పంజాబ్‌లకు ఆరోగ్య మిషన్ నిధులు ఆపింది. మందిరం అన్న మాటకు ఓట్లు రాలుతాయేమో, గోలీలు రాలవు. మతం, దేశం పేరు చెప్పుకొని గెలిచే పార్టీలు ఎక్కడైనా ఇంతే. బ్రెజిల్‌లో బోల్సొనారో గెలిచాక ఆయన పెట్టిన షరతులతో 2018 చివర క్యూబా తన డాక్టర్లను వెనక్కి పిలిచింది. 8 వేల మందికి పైగా వెళ్లిపోతే దిక్కులేనివి అయింది మారుమూల ఊళ్లే.

ఇక 2018లో తెచ్చిన ఆయుష్మాన్ కార్డు. కుటుంబానికి ఏటా 5 లక్షలట, అదీ అడ్మిట్ అయితేనే. ఓపీ చీటీకి, నెలనెలా బీపీ, షుగర్ గోలీలకు మన జేబే దిక్కు. పంట డబ్బు కరిగేది, వడ్డీకి తెచ్చేది వీటికే. గుండె ఆపరేషన్ అయినవాళ్లకు కార్డు అక్కరకొచ్చింది, కాదనం. 2007 నుంచి ఆరోగ్యశ్రీదీ ఇదే దారి. దాన్ని 10 లక్షలకు పెంచిన రాష్ట్ర సర్కారునూ ఈ ప్రశ్నే అడుగుతాం.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో తెరిచిన మెడికల్ కాలేజీలు రాష్ట్రం డబ్బుతో వచ్చినవే. కేంద్ర పథకంలో దేశానికి 157 కాలేజీలు మంజూరైతే తెలంగాణకు ఒక్కటీ రాలేదు. ప్రతిపాదనలు పంపలేదని ఢిల్లీ, అడిగినా ఇవ్వలేదని హైదరాబాద్! వాళ్ల తగవు తీరేదాకా మన రోగాలు ఆగుతాయా?

ఈ నెల గ్రామ కమిటీలు తమ పీహెచ్‌సీకి వెళ్లాలి. పాముకాటు సూది ఉందా, పురుగుమందు విషానికి మందు ఉందా, రాత్రి ఎవరుంటున్నారు, ఎన్ని పోస్టులు ఖాళీ అన్నది రాసుకు రావాలి. ఆ కాగితాలు పట్టుకొని మూడు కలెక్టరేట్ల ముందు కూర్చుందాం.